బండి దిగకుండా పిట్టల ఫొటోలు: వరంగల్ చుట్టుపక్కల ఒక ఉదయం కోసం

మొదటిసారి ఫొటో తీద్దామనుకున్న పాలపిట్ట నాకింకా గుర్తుంది. ధర్మసాగర్ పోయే దారిలో, కరెంటు తీగ మీద, నాకు పదిహేను మీటర్ల దూరంలో కూర్చుంది. కారు ఆపి, డోరు తీసి, కాలు కింద పెట్టానో లేదో, ఆ నీలిరంగు రెక్కలు రెండు పొలాల అవతల కనిపించాయి. సరే, దాని ఖర్మ అనుకుని మళ్లీ బండి ఎక్కాను. అర కిలోమీటరు పోయాక ఇంకొక పాలపిట్ట. ఈసారి నేను ఆపేలోపే ఎదురుగా పల్లెవెలుగు బస్సు గడగడలాడుతూ దాని కిందనుంచే పోయింది. పిట్ట మెడ కూడా తిప్పలేదు.

రోడ్డు పక్క పిట్టకు బండి అంటే భయం లేదు, మనిషి అంటే భయం. రెండు కాళ్ల మీద నిలబడ్డ ఆకారం కనిపిస్తేనే అది లేస్తుంది. కారులో కూర్చున్నంతసేపు మీరు దానికి ఒక పెద్ద మొద్దు వస్తువు, అంతే. కిందరాసిన పద్ధతులన్నీ ఈ ఒక్క సంగతి మీద ఆధారపడ్డవే.

ఇంకో మాట. అరుదైన పిట్టల కోసం అడవులు పట్టుకుని తిరిగేవాళ్లకు ఇది పెద్దగా పనికిరాదు. పాలపిట్ట, ఏట్రింత, పసరిక పిట్ట, కొంగ, లకుముకి, గిజిగాడు, ఇలా మన ఊళ్లో అందరికీ తెలిసిన పిట్టలను దగ్గరగా, కంట్లో వెలుగు కనిపించేలా తీయాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. హనుమకొండ నుంచి ఏ దిక్కుకు ఇరవై కిలోమీటర్లు పోయినా ఇవన్నీ ఉంటాయి.

ముందురోజు రాత్రి

కెమెరా ఏదైనా పర్వాలేదు, లెన్సు మాత్రం కాస్త పొడుగుది కావాలి. 70-300 ఎంఎం ఉంటే మొదలుపెట్టొచ్చు (అంకె పెద్దదైనకొద్దీ పిట్ట అంత దగ్గరగా కనిపిస్తుంది). 100-400 గానీ 150-600 గానీ ఉంటే హాయి. లెక్క చెప్తాను, కొనేముందు ఆలోచించుకోండి. చిన్న సెన్సర్ ఉన్న మామూలు కెమెరాకు 400 ఎంఎం దగ్గర లెన్సు పెట్టి పదిహేను మీటర్ల దూరం చూస్తే, ఫ్రేములో అడ్డంగా సుమారు తొంభై సెంటీమీటర్ల జాగా పడుతుంది. ముప్పై మూడు సెంటీమీటర్ల పాలపిట్ట అందులో మూడోవంతు నిండుతుంది, అది మంచి ఫొటో. అదే పిట్ట ముప్పై మీటర్ల దూరంలో ఉంటే ఆరోవంతే. అంటే లెన్సు మీద ఇంకో లక్ష పెట్టడం కంటే పదిహేను మీటర్లు దగ్గరకు పోవడం నేర్చుకోవడమే చవక. ఫోనుతోనే తీస్తానంటే చెరువు, కొంగల గుంపు, పొద్దు కలిసిన ఫొటోలు బాగానే వస్తాయి, ఒంటి పిట్ట మాత్రం రాదు.

కారు కిటికీ మీద లెన్సు ఆన్చడానికి సంచి కావాలి. ఆన్‌లైన్లో వేల రూపాయలకు అమ్ముతారు. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, ఒక వైపు కుట్టి, రెండున్నర కిలోల జొన్నలు పోసి, రెండో వైపు కుట్టేయండి. నిండా కుక్కొద్దు. నాలుగోవంతు ఖాళీ ఉంటేనే అది కిటికీ అంచు మీద గాడిదకు వేసిన గోనెలా రెండు వైపులా వేలాడి కదలకుండా కూర్చుంటుంది. నేను మొదట మక్కలు పోశాను. గింజ పెద్దది కావడంతో లెన్సు కింద గట్టిగా తగిలేది. పైగా కారు రెండు వారాలు కదలకపోయేసరికి ఎలుకలు సంచికి బొక్క పెట్టి, సీటు కింద సంసారం మొదలుపెట్టాయి. జొన్నలు పోశాక సంచిని ఇంట్లోనే పెడుతున్నాను.

బ్యాటరీ నిండిందా, కార్డు ఖాళీగా ఉందా అని చూసుకోవడం అందరూ చెప్పేదే. అందరూ మరిచిపోయేది ఇంకొకటి: కెమెరా చివరిసారి ఎక్కడ వాడారో గుర్తుచేసుకుని సెట్టింగులన్నీ వెనక్కి తిప్పడం. మా ఇంట్లో పెళ్లి అయిన వారానికి వడ్డేపల్లి చెరువుకు పోయి, రెండు వందల ఫొటోలు ఐఎస్ఓ (తక్కువ వెలుగులో ఫొటోను వెలిగించే అంకె, పెంచితే గరుకు వస్తుంది) 6400 మీద తీసుకొచ్చాను. మంచి ఎండలో తీసిన నీటికాకి ఒంటి మీద ఇసుక చల్లినట్టు వచ్చింది.

ఎండను చూసి దారి ఎంచుకోవాలి

చాలామంది ముందు ఊరు అనుకుంటారు, తర్వాత బయల్దేరతారు. నేను ముందు దిక్కు చూస్తాను. పిట్ట మీద పొద్దు పడాలంటే పొద్దు మీ వీపు వెనక ఉండాలి. మన కార్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి, ఒక్కరే పోతే మీ చేతిలో ఉన్నది కుడి కిటికీ. పొద్దున దక్షిణం వైపు నడిపితే ఆ కిటికీ పడమటికి తెరుచుకుంటుంది. అటున్న పిట్టల మీద తూర్పు వెలుగు నిండుగా పడుతుంది. అదే ఉత్తరం వైపు పోతే కుడి కిటికీలో కనిపించేవన్నీ నల్లటి నీడబొమ్మలే.

వరంగల్ నుంచి వర్ధన్నపేట దక్షిణానికి ఉంది. ఒక్కరే పోయేవాళ్లకు పొద్దున పూట ఆ దిక్కు బాగా కలిసొస్తుంది. అయితే ఖమ్మం వెళ్లే జాతీయ రహదారి మీద మాత్రం ఆపొద్దు, లారీలు ఊపిరి తీసుకోనివ్వవు. పక్క ఊళ్లకు పోయే సింగిల్ రోడ్లలోకి దిగాలి. ధర్మసాగర్ పడమర దిక్కున, హనుమకొండ నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. పోయేటప్పుడు పొద్దు వెనక ఉంటుంది కాబట్టి ముందు, రెండు పక్కలా కనిపించేదంతా వెలుగులోనే. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వచ్చే జలాశయం కావడంతో పిట్టలకూ కొదవ లేదు. నర్సంపేట, పాకాల తూర్పున ఉన్నాయి. పోయేటప్పుడు పొద్దు నేరుగా కళ్లలో కొడుతుంది. అందుకే పాకాలకు చీకటితో బయల్దేరి నేరుగా చేరిపోవాలి, దారిలో ఫొటోలన్నీ తిరుగు ప్రయాణంలో తీసుకోవాలి. సాయంత్రం ఈ లెక్కలన్నీ తిరగబడతాయి.

ఇద్దరు పోతే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఫొటో తీసేవాళ్లు వెనక సీట్లో కూర్చోవాలి. అప్పుడు రెండు కిటికీలూ మీవే, అటు నుంచి ఇటు జరగడమే. వెనక అద్దాలు పూర్తిగా దిగని కార్లు చాలా ఉన్నాయి, అది ముందే చూసుకోండి. మా బామ్మర్ది నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను. వాడికి పిట్టలంటే పెద్ద ఆసక్తి లేదు గానీ దారిలో తాగే చాయ్ కోసం వస్తాడు. "బావా, ఆపన్నా?" అని వాడు అడిగేలోపే పిట్ట దాటిపోయేది. ఇప్పుడు ఒక మాట అనుకున్నాం. నేను సీటు మీద ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే ఆపు. మాటలు లేవు.

టైం సంగతి. డిసెంబర్‌లో ఆరున్నర ప్రాంతంలో గానీ పొద్దు పొడవదు, మే నెలలో ఆరు లోపే పొడుస్తుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి రెండు, రెండున్నర గంటలు మీవి. ఎండాకాలంలో తొమ్మిది దాటితే తారురోడ్డు మీద, ఎండిన పొలం మీద గాలి నీళ్లలా కదులుతుంది. ఆ గాలి గుండా యాభై మీటర్ల అవతల పిట్టను ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా మెత్తగా కరిగినట్టే వస్తుంది. లెన్సు పాడైందేమోనని నేను ఒకసారి హైదరాబాద్ దాకా పోయి చూపించుకున్నాను. దానికేమీ కాలేదు.

కెమెరాలో ఏం పెట్టాలి

ఒకసారి పెట్టుకుని మరిచిపోయే సెట్టింగులు కావాలి, పిట్ట ఎదురుగా ఉన్నప్పుడు మెనూలు వెతికితే లాభం లేదు. నేను పెట్టేది ఇది: మాన్యువల్ మోడు, ఆటో ఐఎస్ఓ, అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) లెన్సు ఇచ్చినంత పెద్దది (ఎఫ్ 5.6 లేదా 6.3), షట్టర్ 1/1000, అంటే సెకనులో వెయ్యోవంతు. కూర్చున్న పిట్టకు ఇది చాలు. ఎగిరేదానికి 1/2000, నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడించే మచ్చల లకుముకికి 1/2500. ఐఎస్ఓకు పై హద్దు 3200 పెట్టండి. పొద్దున్నే అది 800, 1600 దాకా పోతుంది, భయపడొద్దు. గరుకుగా ఉన్న ఫొటోను ఇంట్లో కొంత బాగుచేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు.

ఫోకస్ ఎప్పుడూ వెంటాడే పద్ధతిలోనే (కంటిన్యువస్ ఆటోఫోకస్) ఉండాలి. కొత్త కెమెరాల్లో పిట్ట కన్ను గుర్తుపట్టే సౌకర్యం ఉంటే ఆన్ చేసుకోండి. లేకపోతే మధ్యలో ఒక్క పాయింటు పెట్టి కన్ను మీదే ఉంచండి. కన్ను పదునుగా ఉంటే తోక కాస్త మసకబారినా ఎవరూ పట్టించుకోరు.

వెలుగు సవరింపు (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) ఒక్కటే అక్కడికక్కడ మార్చాలి. పచ్చటి పొలంలో ఎండలో ఉన్న తెల్లకొంగను కెమెరాకు వదిలేస్తే రెక్కల మీద ఈకల గీతలన్నీ పోయి తెల్ల కాగితం అవుతుంది. సవరింపును మైనస్ 0.7 గానీ మైనస్ 1 గానీ చేయండి. నల్లటి ఏట్రింతకు దీనికి ఎదురు, ప్లస్ 0.7. తీగ మీద ఆకాశం నేపథ్యంగా ఉన్న ఏ పిట్టకైనా ప్లస్ 1 నుంచి 1.5. ఆకాశం తెల్లబారితే బారనివ్వండి.

బండి ఆపడం, అసలు విద్య ఇదే

దూరంగా తీగ మీద ఏదో కనిపించింది. వెంటనే బ్రేకు కొట్టొద్దు. వేగంగా వచ్చిన బండి హఠాత్తుగా నెమ్మదిస్తే పిట్టకు అనుమానం వస్తుంది. వంద మీటర్ల ముందే గేరు తగ్గించి ఇరవైలోకి దిగండి. వెనక ఎవరూ రావడం లేదని అద్దంలో చూసుకోండి. ముందు ఒకసారి నలభై మీటర్ల దూరంలో ఆపి నాలుగు ఫొటోలు తీయండి. అది ఎగిరిపోయినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. తర్వాత మళ్లీ కదిలి, పిట్టకేసి కాకుండా దాన్ని దాటిపోతున్నట్టు నెమ్మదిగా పాకండి.

ఇంజను పిట్ట పక్కకు వచ్చాక ఆపొద్దు, దానికి పది మీటర్ల ముందే ఆపేసి, న్యూట్రల్‌లో దొర్లుతూ వచ్చి ఆగాలి. ఇది వాలు రోడ్డు మీద, నడకంత వేగంలో మాత్రమే. చాలా కార్లలో ఇంజను ఆపితే బ్రేకు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి, తాళం పూర్తిగా తిప్పి బయటికి తీస్తే స్టీరింగు లాక్ అయిపోతుంది. చేయి తిరగనివాళ్లు ఇంజను ఆన్‌లోనే పెట్టి ఆగి, ఒక నిమిషం తర్వాత ఆపండి. ఆపకుండా తీస్తే మాత్రం సంచి మీద పెట్టినా లెన్సు వణుకుతుంది. బానెట్ మీదుగా ముందుకు తీద్దామనుకోవద్దు, ఇంజను వేడికి గాలి ఊగుతుంది, పైగా ముందు అద్దం అడ్డం.

కిటికీ అద్దం ఎప్పుడు దించాలి? ఇంటి దగ్గరే. పిట్ట పక్కన ఆగాక అద్దం దించితే ఆ మోటారు చప్పుడు చాలు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కారు లోపలి గాలి చల్లగా, బయట వేడిగా ఉంటే కిటికీ దగ్గరే గాలి ఊగుతుంది. వానాకాలంలోనైతే ఏసీలో ఉన్న లెన్సు బయటి గాలి తగలగానే చెమటపట్టి పది నిమిషాలు ఏమీ కనిపించదు. అందుకే మా బండిలో ఏసీ ఉండదు. బామ్మర్దికి ఈ ఒక్కదానిలోనే నామీద కోపం.

ఆగాక చేయి, మోచేయి, లెన్సు కిటికీ బయటకు పెట్టొద్దు. లెన్సు అంచు డోరుకు సమంగా ఉండాలి. ముదురు రంగు చొక్కా వేసుకుంటే లోపలి చీకట్లో కలిసిపోతారు. మొదటి నిమిషం కెమెరా ఎత్తకుండా కూర్చోండి. పిట్ట మెడ సాచి, ఒళ్లు సన్నం చేసుకుని మిమ్మల్ని చూస్తుంటే అది ఇంకా లెక్కలు వేస్తోందని అర్థం. ఈకలు వదులు చేసి, ముక్కుతో రెక్క దువ్వుకోవడం మొదలుపెట్టిందంటే మిమ్మల్ని ఒప్పుకుంది. ఇక తీసుకోండి.

ఎగరబోయేముందు కూడా చెప్పే ఎగురుతుంది. ముందుకు వంగుతుంది, కాళ్లు కొద్దిగా ముడుస్తుంది, చాలాసార్లు రెట్ట వేస్తుంది. రెట్ట వేయడం చూడగానే షట్టర్ నొక్కి పట్టుకోండి, రెక్కలు విప్పిన ఫొటో వస్తుంది. గాలి ఎటునుంచి వస్తే పిట్ట అటే లేస్తుంది. పొలంలో వరి ఎటు వంగిందో చూస్తే అది మీవైపు వస్తుందా, వీపు చూపిస్తుందా అని ముందే తెలిసిపోతుంది. కాబట్టి ఫ్రేములో ముందువైపు కాస్త ఖాళీ వదలండి.

రోడ్డు సంగతి మరువద్దు. మలుపులో, కల్వర్టు మీద, చెరువుకట్ట ఎక్కే చోట ఆపకూడదు. ఎడమ అంచుకు పూర్తిగా దిగి, నాలుగు లైట్లూ వెలిగించి ఆపాలి. వడ్లు కోసే రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీదికి టైరు ఎక్కించొద్దు. కానీ ఆ వడ్ల దగ్గర ఆగండి. పొద్దున్నే రాళ్లు అడ్డం పెట్టిన ఆ కుప్పల అంచున పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు ఎంత నిబ్బరంగా తింటాయంటే, అలాంటి ఫొటో ఏ అడవిలోనూ రాదు. నేల మీదున్న పిట్టకు కారు కిటికీ ఎత్తు ఎక్కువ అవుతుంది కాబట్టి, రోడ్డుకన్నా వడ్లు కాస్త ఎత్తున ఆరబోసిన చోటు వెతకండి.

ఏ పిట్ట దగ్గర ఎలా

పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. కూర్చున్నప్పుడు మట్టిరంగు ముద్దలా ఉండి, రెక్క విప్పగానే ఆకాశం, సముద్రం రెండూ చూపిస్తుంది. అందుకే దీన్ని కూర్చున్నప్పుడు ఎన్ని తీసినా తృప్తి ఉండదు. ఇది తీగ మీదనుంచి నేల మీది పురుగును చూసి దిగి, పట్టుకుని, మళ్లీ పైకి వస్తుంది. తరచుగా అదే చోటికి, లేదా పక్క స్తంభానికి. దిగేటప్పుడు వెంటాడొద్దు. అది కూర్చునే చోట ఫోకస్ పెట్టి, తిరిగి వచ్చి రెక్కలు విప్పి ఆగే ఆ అరక్షణం కోసం కాచుకోండి. ఎండాకాలం మొదట్లో మగపిట్ట పైకి లేచి గింగిరాలు తిరుగుతూ పడిపోతున్నట్టు కిందికి వస్తుంది, అప్పుడు గొంతు బొంగురుగా అరుస్తుంది. తలలేని మొండి తాడిచెట్లు కనిపిస్తే ఆగి చూడండి. వాటి తొర్రల్లో గుడ్లు పెడుతుంది. చూసి, దూరంగా పోండి. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని ఊరి బయటికి పోయే అలవాటు మనకు ఉన్నదే. ఆ రోజు పంజరంలో తెచ్చి డబ్బులకు చూపించేవాళ్లు కనిపిస్తే ఫొటో తీయొద్దు, డబ్బులూ ఇవ్వొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పిట్టను పట్టడం నేరం.

ఏట్రింతను పసులపోలిగాడు అని కూడా అంటాం. బర్రె వీపు మీద ఎక్కి ఊరేగుతుంది కదా, అందుకు. అందరూ దీన్ని నల్లగా ఉందని వదిలేస్తారు. పొద్దున పక్కనుంచి ఎండ పడ్డప్పుడు దగ్గరగా చూడండి. నలుపులో నీలిరంగు మెరుపు, ముదురు ఎరుపు కన్ను, ముక్కు మూలన ఆవగింజంత తెల్లచుక్క. ఆ తెల్లచుక్క పదునుగా వచ్చిందంటే ఫోకస్ సరిగ్గా ఉన్నట్టు. నేను లెన్సు పరీక్షించుకునేది దీనితోనే.

పసరిక పిట్ట ఓపికపట్టేవాళ్ల పిట్ట. చలికాలం పొద్దున్నే ఐదారు ఒకదానికొకటి ఆనుకుని తీగ మీద ముద్దగా కూర్చుంటాయి. ఎండ తగిలాక విడిపోయి వేటకు దిగుతాయి. ప్రతిదానికీ ఒక ఇష్టమైన పుల్ల ఉంటుంది. ఎగిరి, గాల్లో తేనెటీగనో తూనీగనో పట్టి, అదే పుల్లకు తిరిగొచ్చి, పురుగును అటూ ఇటూ టపటపా కొడుతుంది. తేనెటీగ ముల్లు వదిలించుకోవడానికే ఆ కొట్టడం. మూడుసార్లు అదే పుల్లకు వచ్చిందా, ఇక అది మీదే. పుల్ల మీద ఫోకస్ పెట్టి కూర్చోండి. కొట్టేటప్పుడు తల చాలా వేగంగా కదులుతుంది, 1/2000 పెట్టండి. పత్తి ఏరడం అయిపోయాక చేలలో మిగిలిన పత్తికట్టె కొసల మీద ఇవి కూర్చుంటే నేపథ్యం అంతా గోధుమరంగులో కలిసిపోయి, పిట్ట ఒక్కటే పచ్చగా వెలుగుతుంది. తీగ మీద తీసిన వంద ఫొటోలు దీనికి సాటిరావు.

కొంగలకు మంచి కాలం రెండుసార్లు వస్తుంది. వానాకాలం నాట్లకూ, యాసంగి నాట్లకూ కరిగెట దున్నేటప్పుడు. కేజీవీల్స్ (ఇనుప చక్రాలు) వేసిన ట్రాక్టరు వెనక యాభై, అరవై తెల్లకొంగలు బురదలో పరుగులు పెడతాయి. రోడ్డు పక్క మడిలోనే దున్నుతుంటే కారు దిగాల్సిన పనే లేదు. అన్నిటినీ ఒకే ఫ్రేములో ఇరికించకుండా, కప్పను ముక్కున పట్టిన ఒక్కదాన్ని పట్టుకోండి. గుల్లకొంగలు కూడా పొలాల్లోకి నత్తల కోసం దిగుతాయి. రెండు ముక్కు భాగాల మధ్య సందు కనిపించాలంటే దాన్ని సరిగ్గా పక్కనుంచి తీయాలి. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకే రోజుల్లో గుడ్డికొంగలు మత్తడి రాళ్ల మీద వరుసగా కూర్చుంటాయి, ఎదురీదే చేపల కోసం. కూర్చుంటే మట్టిరంగు, లేచిందా తళతళ తెల్లరెక్కలు. ఎగిరేటప్పుడు తీయాలంటే వెలుగు సవరింపు ముందే తెల్లపిట్టకు సరిపోయేలా తగ్గించి పెట్టుకోవాలి.

లకుముకి అంటే చెరువే అనుకుంటారు. గోధుమరంగు తల, తెల్ల గొంతు ఉన్నది నీళ్లకు దూరంగా తీగల మీద మిడతల కోసం కూడా కాచుకుంటుంది. కాకతీయ కాలువ కట్ట మీద బండి పోయే చోట్ల ఇది దొరుకుతుంది. నలుపు తెలుపు మచ్చల లకుముకి మాత్రం నీళ్ల మీద గాల్లో నిలబడి తలొక్కటి కదలకుండా రెక్కలాడిస్తుంది. దాన్ని తీయడం ఏమంత కష్టం కాదు, ఒకేచోట ఉంటుంది కాబట్టి.

గిజిగాడిని వానాకాలంలోనే తీయాలి. మగవాటి తల, రొమ్ము పసుపు పూసినట్టుంటాయి. వ్యవసాయ బావి మీదికి వంగిన తుమ్మకో, తాటిమట్టలకో గూళ్లు వేలాడుతుంటే ముప్పై మీటర్ల దూరంలో ఆగిపోండి. సగం అల్లిన గూడు టోపీలా ఉంటుంది. ఆ దశలోనే ఆడపిట్ట వచ్చి చూసి పోతుంది. అది రాగానే మగవన్నీ గూళ్ల కింద తలకిందులుగా వేలాడి రెక్కలు కొడుతూ గోల చేస్తాయి. పిల్లను చూడ్డానికి వచ్చినప్పటి హడావిడి మన ఇళ్లలో ఎట్లుంటదో అట్లనే.

తీతువు గురించి ఒక హెచ్చరిక. ఎండాకాలంలో చెరువు నీళ్లు వెనక్కి పోయాక శిఖంలోకి కార్లు దించేస్తారు, నీళ్ల దాకా పోవచ్చని. తీతువు అక్కడే వట్టి నేల మీద, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మట్టి మచ్చల గుడ్లు, కాలి దగ్గర ఉన్నా కనబడవు. అది అరుస్తూ మీ బండి మీదికి దూసుకొస్తుంటే మంచి ఫొటో వచ్చిందని సంబరపడకండి. వచ్చిన టైరు గుర్తుల మీదుగానే వెనక్కి పోండి.

చిన్న గుడ్లగూబ, అదే పైడికంటె, పాత చింతచెట్టు తొర్రలో ఏళ్ల తరబడి ఉంటుంది. తల కిందికీ పైకీ ఊపుతూ చూస్తోందంటే మీరు మరీ దగ్గరకు వచ్చారని. రెండు ఫొటోలు తీసి కదలండి, ఆ చెట్టు ఎక్కడుందో మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

నెలలు

మాఘం, ఫాల్గుణంలో మోదుగు పూస్తుంది. ములుగు దారిలో, పాకాల దారిలో రోడ్డు పక్కనే ఆకుల్లేని చెట్టు నిండా ఎర్రపూలు. తేనె కోసం తేనెపిట్టలు, గోరింకలు, పిగిలిపిట్టలు, ఏట్రింతలు అన్నీ ఒకే కొమ్మ మీదికి వస్తాయి. ఏడాదిలో ఒక్కసారే పోగలమంటే నేను ఈ రెండు నెలల్లోనే పొమ్మంటాను. నవంబర్ నుంచి మార్చి దాకా వలస బాతులు ధర్మసాగర్, పాకాల, రామప్ప వంటి పెద్ద చెరువుల్లో దిగుతాయి గానీ నీళ్ల నడుమ ఉంటాయి, కారులోంచి అందవు. వేసవిలో చిన్న కుంటలు ఎండిపోయి పిట్టలన్నీ మిగిలిన నీళ్ల దగ్గరకే చేరతాయి.

గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది. అక్కడ అటవీశాఖ చెప్పిన టైము, చెప్పిన దారి మాత్రమే. ఏటూరునాగారం వైపూ అంతే. డ్రోన్లు ఎగరేయడం, ఫోన్లో పిట్ట కూతలు పెట్టి పిలవడం ఎక్కడా వద్దు. గూడు కట్టే రోజుల్లో ఆ కూత విని, ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది పిల్లల్ని వదిలి వెతుకులాడుతుంది.

మనుషులు

ఊరి బయట కారు ఆపి, కిటికీలో పెద్ద గొట్టం పెట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు వస్తారు. ఒక పెద్దాయన బైకు ఆపి, "ఏం సారూ, మళ్ల రోడ్డు కొలుస్తున్రా?" అన్నాడు. భూమి పోతుందేమోనని ఆయన భయం ఆయనది. నేను నమస్తే పెట్టి, కెమెరా వెనక తెర ఆయనవైపు తిప్పి అప్పుడే తీసిన పసరిక పిట్టను చూపించాను. కాసేపు చూసి, "గిదా? గిది మా బాయికాడ మస్తుంటయి" అన్నాడు. ఆ బావి దగ్గరికి ఆయనే ముందు నడిచి తీసుకెళ్లాడు. అక్కడ గిజిగాడి గూళ్లు పదకొండు ఉన్నాయి. ఎవరైనా వస్తే ముందు తెర చూపించండి, వివరాలు తర్వాత. పొలంలో ఇళ్లు, ఆడవాళ్లు ఉన్న దిక్కుకు లెన్సు తిప్పొద్దు. స్కూలు పిల్లలు చుట్టూ మూగితే ఆ రోజు పిట్టల పని అయిపోయినట్టే, వాళ్ల ఫొటో ఒకటి తీసి చూపించి బయల్దేరండి.

ఇంటికొచ్చాక

మూడు గంటలు తిరిగితే నాలుగైదు వందల ఫొటోలు అవుతాయి. అదే రోజు చూడొద్దు, అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. మర్నాడు పెద్ద తెర మీద ఒక్కోటి కన్ను దగ్గరికి పెంచి చూసి, కన్ను మెత్తగా ఉన్నదాన్ని తీసిపారేయండి. మిగిలినవాటిలో తల అటు తిప్పుకున్నవి, కన్ను మూసుకున్నవి పోతాయి. ఒక ఉదయానికి ఆరు మిగిలితే నాకు పండగే. ఫొటోను కత్తిరించేటప్పుడు పిట్ట చూస్తున్న వైపు ఎక్కువ జాగా వదలండి. తీగ వంకరగా ఉంటే సమంగా చేయండి, చెరిపేయొద్దు. మన పిట్టలు కరెంటు తీగల మీదే బతుకుతున్నాయి, ఫొటోలోనూ ఉండనివ్వండి.

రా ఫైల్‌లో (కెమెరా సవరించని ముడి ఫైలు) తీస్తే పాలపిట్ట నీలాన్ని మరీ పెంచాలని చేయి లాగుతుంది. ఆగండి. కంప్యూటర్ తెర మీద పక్కనే ఇంకో విండోలో ఎడిట్ చేయని ఫొటో పెట్టుకుని పోల్చుకోండి.

చివరగా ఒక నోటుబుక్కు. తేదీ, టైము, ఏ రోడ్డు, ఎన్నో స్తంభం దగ్గర, ఏ పిట్ట, ఏం చేస్తోంది. రెండేళ్లు రాసుకున్నాక ధర్మసాగర్ రోడ్డులో ఏ స్తంభం ఏ ఏట్రింతదో నాకు తెలిసిపోయింది. మొన్న ఆదివారం పోతుంటే కల్వర్టు దాటాక మూడో స్తంభం ఖాళీగా ఉంది. నేను సీటు మీద రెండుసార్లు తట్టాను. బామ్మర్ది ఆపి, ఖాళీ తీగకేసి చూసి, "ఏముంది బావా ఇక్కడ?" అన్నాడు. "కూర్చో, వస్తది" అన్నాను. నాలుగు నిమిషాలకు వచ్చింది, ముక్కున మిడతతో.